పశువు, ఫీజు, పెదనాన్న

ప్రశ్న: నమస్తే అండీ. నేను మ్యూనిక్‌లో ఎం.ఎస్. చేస్తున్నాను. మొన్న జర్మన్ క్లాసులో 'ఫీ' అనే మాట వచ్చింది, పశువులు అని అర్థం. టీచర్ బోర్డు మీద చుక్క గుర్తు పెట్టి *ఫెహు అని రాసి, జర్మన్ ఫీ, ఇంగ్లీషు ఫీ (మన ఫీజు) రెండూ దీని పిల్లలే అంది. నాకు వెంటనే మన 'పశువు' గుర్తొచ్చి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మా పెదనాన్న "చూశారా, జర్మన్ భాష సంస్కృతం నుంచే పుట్టింది" అని రాసి అన్ని గ్రూపులకీ పంపేశారు. నా రూమ్మేట్ ఏమో ఇదంతా కాకతాళీయం, గొడ్డుకీ ఫీజుకీ సంబంధం ఏంటి అని నవ్వుతున్నాడు. అలా అంటూనే ఫెహు గుర్తు డబ్బు తెస్తుందట, చేతి మీద పచ్చబొట్టు వేయించుకుంటాడట! ఎవరు రైటు? పెదనాన్నని నొప్పించకుండా ఎలా చెప్పాలి?

జవాబు: పరీక్షలో ఏ వ్యాసం అడిగినా తిప్పి తిప్పి ఆవు దగ్గరికే తెచ్చే కుర్రాడి జోకు మనందరికీ తెలుసు కదా. నా జవాబు కూడా అలాగే ఉండబోతోంది, కాకపోతే తప్పు నాది కాదు, ఆ మాటే అలాంటిది. డబ్బుతో మొదలుపెట్టినా, స్నేహంతో మొదలుపెట్టినా, ఐస్‌లాండ్ ఆర్థిక మంత్రితో మొదలుపెట్టినా చివరికి మనల్ని గొడ్ల సావిట్లోకే తీసుకెళ్తుంది.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ పెదనాన్నగారు సగం రైటు. మీ రూమ్మేట్ పూర్తిగా తప్పు. మీ టీచర్ రైటే గానీ ఇంగ్లీషు ఫీ దగ్గర కథని కాస్త కుదించేసింది, బోర్డు మీద చోటు లేక కావచ్చు.

ఆ చుక్క గుర్తు సంగతి చూద్దాం. మాట ముందు ఆ గుర్తు పెట్టారంటే "ఇది ఎక్కడా రాసి దొరకలేదు, మేమే లెక్క కట్టి చెబుతున్నాం" అని ఒప్పుకుంటున్నట్టు. జర్మన్, ఇంగ్లీషు, డచ్, స్వీడిష్, ఐస్‌లాండిక్ అన్నిటికీ తల్లి లాంటి మూల జర్మానిక్ భాషని సుమారు రెండున్నర వేల ఏళ్ల కిందట దక్షిణ స్కాండినేవియా, ఉత్తర జర్మనీ వైపు మాట్లాడేవారు. వాళ్లు మనకి పుస్తకాలేమీ మిగల్చలేదు. మిగిలినవి పిల్ల భాషల్లోని మాటలే. గోతిక్‌లో (ఇప్పుడు ఎవరూ మాట్లాడని పాత జర్మానిక్ భాష) ఫెహు, పాత శాక్సన్‌లో ఫెహు, పాత హై జర్మన్‌లో ఫిహు, పాత ఇంగ్లీషులో ఫెఓహ్, పాత నార్స్‌లో (వైకింగుల భాష) ఫే. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఏ భాషలో ఏ అక్షరం ఏ పరిస్థితుల్లో మారుతుందో వేరే వందల మాటల్లో చూసి ఖాయం చేసుకున్నాక, వీటన్నిటికీ సరిపోయే ఒకే ఒక్క మూల రూపం *ఫెహు అని తేల్చారు. ఇదేదో తెల్లవాళ్ల గారడీ అనుకోకండి, మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగు, తమిళం, గోండి, కువి లాంటి భాషలు పెట్టుకుని మూల ద్రావిడ మాటలు తేల్చింది కూడా ఇదే పద్ధతిలో, ఆయన పుస్తకాల్లోనూ పేజీ పేజీకీ ఈ చుక్కలే కనిపిస్తాయి.

ఇక పశువు దగ్గరికి. మీ రూమ్మేట్ కాకతాళీయం అంటున్నాడు కదా, అతన్ని కూర్చోబెట్టి ఈ జతలు పైకి చదవమనండి: పాదం – ఫుట్. పంచ – ఫైవ్. పితృ – ఫాదర్. సంస్కృతంలో ప ఉన్న చోట వీళ్లకి ఫ ఉంది. ఇంకో వరస: శతం – హండ్రెడ్, శ్వానం – హౌండ్ (మీ జర్మన్‌లో హుండ్, కుక్క). అక్కడ శ ఉన్న చోట ఇక్కడ హ. ఇప్పుడు పశు అనే మాట తీసుకుని ప తీసి ఫ పెట్టండి, శ తీసి హ పెట్టండి, చివర ఉ ఉండనే ఉంది. ఫెహు వచ్చేసింది. రెండు మాటలు వినడానికి ఒకేలా ఉన్నాయని ఎవరూ వీటిని చుట్టాలు చెయ్యలేదు, నిజానికి పశు, ఫెహు వినడానికి అంత దగ్గరగా కూడా లేవు. వందల మాటల్లో అదే వరస మార్పు కనిపించడమే సాక్ష్యం. డెన్మార్క్‌కి చెందిన రాస్మస్ రాస్క్ 1818లో దీన్ని బయటపెడితే, పిల్లల కథలు సేకరించిన అన్నదమ్ముల్లో పెద్దవాడు యాకోబ్ గ్రిమ్ 1822లో ఒక సూత్రంగా రాశాడు. అందుకే గ్రిమ్ సూత్రం అంటారు, రాస్క్ పేరు పక్కకి పోయింది, పాపం.

మరి పెదనాన్నగారు ఎక్కడ పప్పులో కాలేశారు? లాటిన్ దగ్గర. లాటిన్‌లో పశువుల్ని పెకుస్ అంటారు. శతాన్ని కెంటుం అంటారు. అంటే సంస్కృతంలో శ ఉన్న చోట లాటిన్‌లో క ఉంది, జర్మానిక్‌లో హ ఉంది. గొంతులో పలికే క మెత్తబడి హ కావడం, వేరే చోట నాలుక ముందుకి జరిగి శ కావడం, రెండూ ప్రపంచ భాషల్లో మామూలుగా జరిగేవే, కానీ శ వెనక్కి వెళ్లి మళ్లీ క అవడం, అదీ ఇన్ని మాటల్లో వరసపెట్టి జరగడం నమ్మశక్యం కాదు. కాబట్టి మొదట ఉన్నది క-లాంటి శబ్దమే, మూల రూపం *పెకు లాంటిది (దీనికీ చుక్కే). సంస్కృతం దాన్ని తన దారిలో పశు చేసుకుంది, జర్మానిక్ తన దారిలో ఫెహు చేసుకుంది, లాటిన్ క ని అలాగే ఉంచుకుంది. అంటే సంస్కృతం జర్మన్‌కి అమ్మ కాదు, పెద్దమ్మ వరస. ఆ పెద్దమ్మ ఇంట్లో పాత సామాను చాలా భద్రంగా ఉంది, అది నిజమే, అందుకే మీ పెదనాన్నగారికి సగం మార్కులు.

ఆ భద్రంగా ఉన్న సామాను ఎంత విలువైనదో ఒక్క ఉదాహరణ చెప్తాను, ఇది మీకు ఆయన దగ్గర బాగా పనికొస్తుంది. జర్మన్‌లో అన్నదమ్ముడు బ్రూడర్, తండ్రి ఫాటర్. సంస్కృతంలో భ్రాతృ, పితృ, రెండిట్లోనూ ఒకే త. మరి జర్మన్‌లో ఒకచోట డ, ఇంకోచోట ట ఎందుకయింది? గ్రిమ్ సూత్రం ప్రకారం రెండూ ఒకేలా ఉండాలి కదా. ఈ చిక్కు యాభై ఏళ్లకి పైగా ఎవరికీ విడలేదు. 1870లలో కార్ల్ వెర్నర్ అనే డేనిష్ పండితుడు వేద స్వరం వైపు చూశాడు. వేదంలో భ్రాతా అన్న మాటకి ఉదాత్తం, అంటే ఎత్తి పలికే స్వరం, మొదటి అక్షరం మీద, పితా అన్న మాటకి రెండో అక్షరం మీద ఉంటుంది. అంతే, అదే తేడా. స్వరం ముందు అక్షరం మీద ఉంటే హల్లు ఒక రకంగా మారింది, తర్వాత అక్షరం మీద ఉంటే ఇంకో రకంగా మారింది. ఆ స్వరం జర్మానిక్ భాషల్లో ఎప్పుడో చెరిగిపోయింది, మన దగ్గర మాత్రం కాగితం కూడా లేకుండా గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి అక్షరం పొల్లుపోకుండా వచ్చింది, దాంతో యూరప్‌లో పుట్టిన ప్రశ్నకి జవాబు దొరికింది.

ఇదే లెక్క మన మాటకీ వర్తిస్తుంది, ఇది కాస్త లోతైన సంగతి, అక్కర్లేదనుకుంటే దాటేయండి. వేదంలో పశు అనే మాట మామూలుగా పుంలింగం, స్వరం చివరి ఉ మీద. అలాగే ఉండి ఉంటే వెర్నర్ చెప్పినట్టు జర్మానిక్‌లో హ బదులు గ రావాలి. కానీ హ వచ్చింది. ఎందుకంటే ఋగ్వేదంలోనే అరుదుగా ఇంకో రూపం ఉంది, నపుంసక లింగంలో, స్వరం మొదటి అక్షరం మీద. జర్మానిక్ మాట కూడా నపుంసకమే, ఇప్పటికీ జర్మన్‌లో 'దాస్ ఫీ' అంటారు, పుంలింగానికి వాడే 'దేర్' అనరు. మీరు జర్మన్ లింగాలు బట్టీ పట్టలేక తల పట్టుకుంటూ ఉంటారని తెలుసు, కనీసం ఈ ఒక్క 'దాస్' వెనకాల ఎంత పాత చరిత్ర ఉందో చూడండి.

అన్నట్టు, జర్మన్ ఫీని Vieh అని రాస్తారు, చివరి హెచ్ పలకరు కదా. మీరు బవేరియాలోనే ఉన్నారు కాబట్టి మీ ఇంటి ఓనరమ్మనో, కూరగాయల కొట్టు పెద్దాయన్నో గమనించండి, పురుగు కనిపించినా కుక్క అరిచినా 'ఫీష్' అన్నట్టుగా ఒక మాట అంటారు. అదే మాట, అందులో ఆ పాత హ ఇంకా బతికి ఉంది.

రూపం సంగతి తేలింది. అర్థం సంగతే అసలు మజా. గొడ్డుకీ ఫీజుకీ సంబంధం ఏంటని మీ రూమ్మేట్ నవ్వాడు చూశారా, ఆ నవ్వుకి జవాబు గోతిక్ బైబిల్‌లోనే ఉంది. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్పు బైబిల్‌ని గోతిక్‌లోకి అనువదించాడు. ఆ తర్వాత ఆరో శతాబ్దం మొదట్లో ఊదారంగు తోలు కాగితం మీద వెండి, బంగారు సిరాతో రాసిన ప్రతి ఒకటి స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ ఉంది. అందులో ఏసుని పట్టిస్తే యూదాకి డబ్బిస్తామని పెద్దలు మాటిచ్చే చోట డబ్బుకి వాడిన మాట ఏంటనుకున్నారు? ఫెహు. గొడ్లిస్తామని కాదు, నాణేలిస్తామని. డబ్బాశ గలవాళ్లకి కూడా ఇదే మాటతో ఒక సమాసం చేశారు. అంటే జర్మానిక్ భాషల్లో మనకి దొరికే మొట్టమొదటి పెద్ద పుస్తకంలోనే ఈ మాట పాక వదిలి పెట్టెలోకి చేరిపోయింది.

పాత ఇంగ్లీషులో ఫెఓహ్ అంటే పశువులు, ఆస్తి, డబ్బు, మూడూ. ఇటలీలో స్థిరపడ్డ లొంబార్డులు అనే జర్మానిక్ జాతి వాళ్ల రాజు రొథారి 643లో చట్టాలు రాయించాడు, లాటిన్‌లోనే, మధ్యమధ్య వాళ్ల సొంత మాటలు వస్తాయి. వాటిలో ఒకటి ఫాదెర్‌ఫియో. ఫాదెర్ అంటే తండ్రి, ఫియో అంటే మన ఫెహు. పెళ్లికూతురికి తండ్రి ఇచ్చి పంపే సొమ్ము అన్నమాట. మనకి అరణం అనే మాట ఉంది కదా, అచ్చంగా అదే. మన దగ్గరా కూతురి వెంట అరణంగా ఆవునో గేదెనో తోలిన రోజులు ఎంతో దూరం లేవు, మా అమ్మమ్మ కాపురానికొస్తూ వెంట తెచ్చుకున్న కర్రావు గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దాని సంతానం ఎటుపోయిందో గానీ దాని మీద జరిగిన తగువు మాత్రం మూడు తరాలు నడిచింది.

ఐస్‌లాండ్ వాళ్లయితే పాకనీ పెట్టెనీ ఈ రోజుకీ విడదీయలేదు. అక్కడ ఫ్యే అంటే గొర్రెలు, ఫ్యే అంటే డబ్బు. దాని షష్ఠీ విభక్తి రూపం ఫ్యౌర్. గొర్రెల పాక ఫ్యౌర్‌హూస్, గొర్రెల్ని కాసే కుక్క ఫ్యౌర్‌హుండుర్. ఆర్థిక మంత్రిత్వం? దానికీ మొదట ఫ్యౌర్ ఉంటుంది. అంటే ఆ దేశపు ఆర్థిక మంత్రి పదవి పేరూ గొర్రెల కుక్క పేరూ ఒకే మాటతో మొదలవుతాయి. కోశాధికారిని ఫ్యేహిర్దిర్ అంటారు, విడగొడితే ఫ్యేని కాసేవాడు, పసుల కాపరి! బడ్జెట్ రోజున ఈ సంగతి గుర్తొచ్చి నేనొక్కణ్ణే నవ్వుకుంటూ ఉంటాను.

ఇదేదో వాళ్లకే వింత అనుకోకండి. ఉత్తరాంధ్ర పల్లెల్లో సొమ్ములు అంటే గొడ్లు. మిగతా చోట్ల సొమ్ము అంటే డబ్బు, నగలు. తమిళంలో మాడు అంటే ఇప్పుడు ఎద్దు, ఆవు, కానీ తిరుక్కురళ్‌లో చదువే చెడని సంపద, మిగతావేవీ సంపద కావు అని చెప్పే చోట సంపదకి వాడిన మాట మాడు. లాటిన్‌లో పెకుస్ నుంచి పెకూనియా పుట్టింది, డబ్బు అని అర్థం. ఎవరి దగ్గర నుంచీ ఎవరూ అప్పు తెచ్చుకోనక్కర్లేకుండా, గొడ్లే ఆస్తిగా బతికిన చాలాచోట్ల ఇదే జరిగింది. విరాటపర్వంలో కౌరవులు వచ్చి తోలుకుపోయింది ఆలమందల్ని కదా, ఖజానాని కాదు. రాయలసీమలో ఊళ్ల బయట కనిపించే వీరగల్లుల్లో చాలా వాటి మీద ఉన్నది గొడ్లని తోలుకుపోయే వాళ్లతో పోరాడి పోయినవాళ్లే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, నాకు బాగా నచ్చే మెలిక. మామూలుగా మనం గొడ్డు ముందు, డబ్బు తర్వాత అనుకుంటాం. ఎమీల్ బెన్వెనిస్త్ అనే ఫ్రెంచి భాషావేత్త 1969లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని తిరగేశాడు. మొదట్లో *పెకు అంటే మనిషి వెంట తీసుకుపోగల ఆస్తి, చరాస్తి, అందులో పశువులు ముఖ్యం కాబట్టి ఆ అర్థం తర్వాత స్థిరపడింది అన్నాడు. దానికి ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి మన వైపు నుంచే: వేదంలో పశువులు అంటే ఆవు, గుర్రం, గొర్రె, మేక, వాటితో పాటు మనిషి. అథర్వవేదంలో ఈ ఐదూ వరసగా వస్తాయి. మనిషిని కూడా పశువుల్లో లెక్కేశారంటే ఆ మాటకి నాలుగు కాళ్ల జంతువు అనే అర్థం ఒక్కటే ఉండి ఉండదు, ఇంటి యజమాని ఆధీనంలో ఉన్న ప్రాణి అనేదేదో ఉండాలి అని ఆయన వాదన. ఇంకోవైపు పాత వాదన ఏమో, ఉన్ని దువ్వడం, పీకడం అనే అర్థమున్న *పెక్ ధాతువు నుంచి వచ్చింది కాబట్టి మొదట గొర్రె అంటుంది. కుర్దులు గొర్రెని పెజ్ అంటారు, కాకసస్ కొండల్లో ఆసెట్ జనం ఫిస్ అంటారు, రెండూ పశు చుట్టాలే, గొర్రె వాదనకి ఇవి బలమే. నా మటుకు నాకు బెన్వెనిస్త్ వాదన చదివినప్పుడు అదే నిజమనిపిస్తుంది, పుస్తకం మూసి కుర్దుల గొర్రెని తలుచుకోగానే అనుమానం మొదలవుతుంది.

సరే, మీ టీచర్ ఎక్కడ కుదించిందో చెప్తానన్నాను. పాత ఇంగ్లీషు ఫెఓహ్ కాలక్రమంలో ఫీ అయి, పశువులు, డబ్బు అనే అర్థాలతో కొన్నాళ్లు బతికి చనిపోయింది. ఇప్పుడు మనం కట్టే ఫీ నేరుగా దాని బిడ్డ కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక వాళ్ల ఫ్రెంచిలో నుంచి వచ్చిన ఫీ ఇది. అప్పుడు దాని అర్థం ప్రభువుకి సేవ చేసే షరతు మీద దక్కిన భూమి, మన జాగీరు, ఇనాం లాంటిది. దీన్నే ఫీఫ్ అని కూడా అంటారు, లాటిన్ రాతల్లో ఫెయోదుం, ఫెవుదుం. ఇంగ్లీషు ఆస్తి చట్టంలో ఇప్పటికీ 'ఫీ సింపుల్' అంటే భూమి మీద సంపూర్ణ హక్కు, రుసుముకీ దానికీ సంబంధం లేదు. భూమి నుంచి, సేవ చేసే పదవికి, ఆ పదవి వల్ల వచ్చే రాబడికి, అక్కడి నుంచి డాక్టరుకో లాయరుకో ఇచ్చే డబ్బుకి అర్థం జారుతూ వచ్చింది. ఇక ఆ ఫెయోదుం ఎక్కడిదంటే, ఫ్రాన్స్‌ని ఏలిన ఫ్రాంకులు జర్మానిక్ భాష మాట్లాడేవాళ్లు కాబట్టి వాళ్ల మాటే అయ్యుంటుందని, అందులో మొదటి ముక్క ఈ ఫెహునే అని ఎక్కువమంది అంటారు. రెండో ముక్క మీద గొడవలున్నాయి, మొత్తం వాదననే ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. అంటే మీ టీచర్ చెప్పిన చుట్టరికం ఉంది గానీ అది పక్కవీధి చుట్టరికం కాదు, ఫ్రాన్స్ మీదుగా తిరిగొచ్చిన చుట్టరికం.

అదే నిజమైతే మన సభల్లో, పత్రికల్లో "ఫ్యూడల్ భావజాలం" అని తిట్టే ఫ్యూడల్ కూడా ఈ మందలోదే, ఎందుకంటే అది ఆ ఫెవుదుం నుంచే వచ్చింది. ఇక ఫెలో అయితే అనుమానమే లేదు. పాత నార్స్‌లో ఫేలాగీ అంటే నలుగురితో కలిసి తన ఫేని ఒకచోట పెట్టినవాడు, అంటే పెట్టుబడి భాగస్వామి. వైకింగులతో పాటు ఇంగ్లండ్ వెళ్లి ఫెలో అయ్యాడు, ముందు పార్ట్‌నర్, తర్వాత తోటివాడు, ఆఖరికి ఎవడో ఒకడు. ఐస్‌లాండ్‌లో మాత్రం ఫ్యేలాగ్ అంటే ఇప్పటికీ సంఘం, కంపెనీ. పెక్యులియర్ అనే మాట ఉంది కదా, అది లాటిన్ పెకుస్ వైపు చుట్టం. రోమ్‌లో కొడుక్కో బానిసకో సొంతంగా వాడుకోమని వదిలిన ఆస్తిని పెకూలియుం అనేవారు, దాన్నుంచి 'తనకి మాత్రమే సొంతమైన', దాన్నుంచి 'వింతైన'. కాబట్టి మనవాళ్లు ఎవర్నైనా చూసి "వాడో పెక్యులియర్ ఫెలోరా" అన్నప్పుడు ఒకే వాక్యంలో రెండుసార్లు పశువు అంటున్నారు, ఒకసారి రోమ్ మీదుగా, ఒకసారి వైకింగుల పడవ మీదుగా. మీ రూమ్మేట్‌కి ఈ బిరుదు నా తరఫున ఇవ్వండి.

గమనించారా, తెలుగు మాత్రం ఈ కుటుంబంలోది కాదు. మనకి ఆవు, ఎద్దు, గొడ్డు అని సొంత మాటలున్నాయి. పశువు సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం, ఫీజు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నాం, ఆ రెండూ ఎన్నో వేల ఏళ్ల కిందట విడిపోయి, చెరో దారిన వచ్చి, కాలేజీ ఫీజు కోసం గేదెనమ్ముకున్న రైతు నోట్లో కలుసుకున్నాయి. 

ఒక హెచ్చరిక కూడా. ఈ జబ్బు తగిలాక కనిపించిన మాటనల్లా కలిపేయాలనిపిస్తుంది, నాకూ అయింది. పశువు సంపద కాబట్టి పసిడి కూడా అక్కడిదే అయ్యుంటుందని ఒకప్పుడు నేను రాసుకుని మురిసిపోయాను. శుద్ధ తప్పు. పసిడి, పసుపు, పచ్చ ఇవన్నీ ద్రావిడ ధాతువు నుంచి వచ్చిన రంగు మాటలు, పశువుతో ఏ సంబంధమూ లేదు. అలాగే ఇంగ్లీషులో గడ్డి మైదానాన్ని పాశ్చర్ అంటారు, పశువులు మేస్తాయి కదా అని కలిపేయకండి, అది మేపడం అనే అర్థమున్న వేరే లాటిన్ ధాతువు నుంచి వచ్చింది. కాటిల్ కూడా వేరు, అది తల అనే అర్థమున్న లాటిన్ కాపుత్ నుంచి వచ్చింది, క్యాపిటల్‌కి తోబుట్టువు. అక్కడ కథ ఎదురు నడిచింది, ముందు ఆస్తి అనే అర్థం, తర్వాత పశువులు.

ఇప్పుడు పచ్చబొట్టు. రూన్లు అంటే జర్మానిక్ జనం రాయి మీద, చెక్క మీద చెక్కిన అక్షరాలు. పాత వరసలో 24 ఉండేవి, మొదటిది ఫ. నిలువు గీత, దానికి కుడివైపు పైకి లేచిన రెండు కొమ్మలు. స్వీడన్‌లో గోట్‌లాండ్ దీవిలో దొరికిన, సుమారు 400 నాటి ఒక రాయి మీద ఈ వరస చెక్కి ఉంది. మనం అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అన్నట్టు వాళ్లకి ఫ అంటే ఫెహు. అంతవరకే. రూన్లు పరిచి జాతకం చెప్పే ఇప్పటి పద్ధతి గత శతాబ్దపు సరుకు. అసలు పాతకాలం వాళ్లు ఈ అక్షరం గురించి ఏమన్నారో చూస్తే మీ రూమ్మేట్ ఉత్సాహం కాస్త తగ్గొచ్చు. అక్షరానికో పద్యం చొప్పున రాసుకున్న పాటలు మూడు దేశాల నుంచి దొరికాయి. ఇంగ్లీషు పద్యం డబ్బు ఊరటే గానీ ధారాళంగా పంచిపెట్టాలి అంటుంది. నార్వే పద్యం, ఐస్‌లాండ్ పద్యం రెండూ ఒకే మాట: ఫే అంటే చుట్టాల మధ్య తగువు. మా అమ్మమ్మ కర్రావు కథ వాళ్లకెవరు చెప్పారో! పాత నార్స్ నీతి పద్యాల్లో బాగా పేరున్న ఒకటి కూడా ఫే చస్తుంది, చుట్టాలు చస్తారు, నువ్వూ అలాగే చస్తావు అని మొదలవుతుంది. అక్కడ ఫేని గొడ్లు అనాలా డబ్బు అనాలా అని అనువాదకులు ఇప్పటికీ తలలు పట్టుకుంటారు. ఇంత తెలిశాక కూడా వేయించుకుంటానంటే వేయించుకోనివ్వండి, చెయ్యి ఆయనది. జర్మన్‌లో రింట్‌ఫీ అంటే ఏంటని మాత్రం ముందు అడిగి తెలుసుకోమనండి. మనం "ఓరి పశువా" అని తిట్టినట్టే వాళ్లూ తిట్టుకుంటారు, డేనిష్ వాళ్లు కూడా బుద్ధిలేని వాణ్ణి 'ఫే' అనే అంటారు.

ఇక మీ పెదనాన్నగారు. గ్రూపులో దిద్దకండి. నలుగురి ముందు, అదీ విదేశాల్లో చదువుతున్న తమ్ముడి కొడుకు దిద్దితే ఏ పెదనాన్నకైనా కష్టంగానే ఉంటుంది, ఆ తర్వాత చర్చ ఫెహు గురించి కాకుండా మీ పెంపకం గురించి నడుస్తుంది. ఫోన్ చేయండి. "మీరు తప్పు" అని మొదలుపెట్టకండి, వెర్నర్ కథతో మొదలుపెట్టండి. జర్మన్లకీ డేన్లకీ అర్థం కాని చిక్కు మన వేదం స్వరంతో విడిపోయిందని చెప్పండి, ఎందుకంటే అది అబద్ధం కాదు, ఆయన ఫార్వర్డ్ కన్నా గట్టి సంగతి. ఆయన మెత్తబడ్డాక లాటిన్ పెకుస్ సంగతి నెమ్మదిగా తీసుకురండి: "మరి ఆ క ఎక్కడిది పెదనాన్నా?" అని అడిగి వదిలేయండి, జవాబు మీరు చెప్పకండి. ఇంకా వాదిస్తే, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లోనే మద్రాసులో ఎల్లిస్ అనే దొర కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో రుజువులతో చూపించాడని, పోలిక వేరు పుట్టుక వేరు అని అప్పటికే తేలిందని చెప్పండి. ఇది ఆఖరి అస్త్రం, అవసరమైతేనే తీయండి.

ఆయన రుద్రం చదివే మనిషైతే ఇంకా మంచిది. నమకంలో "పశూనాం పతయే నమః" వస్తుంది కదా, ఫోన్‌లోనే ఒకసారి స్వరంతో చెప్పమనండి. ఆ తర్వాత పితా, భ్రాతా అని రెండు మాటలు వేదంలో పలికినట్టు పలకమనండి. రికార్డ్ చేసుకోండి. వచ్చే క్లాసులో మీ టీచర్‌కి అది వినిపించి, ఫాటర్, బ్రూడర్ అని బోర్డు మీద రాసి చూపించండి, ఆమె ఏమందో ఆ సాయంత్రమే పెదనాన్నకి ఫోన్ చేసి చెప్పండి. గ్రూపులో ఏం పెట్టాలో ఆయనే చూసుకుంటారు.